పగిలాక కూడా మోయాలి

(సివిల్, ఆర్కిటెక్చర్ విద్యార్థుల సభలో, కట్టడాల్లో బరువు మోసే గాజు గురించి ఒక స్ట్రక్చరల్ ఇంజినీరు చేసిన ప్రసంగం. చదువుకోవడానికి వీలుగా కొద్దిగా సర్ది ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎక్కువమంది విద్యార్థులు. వెనక వరసలో గ్లేజింగ్ కాంట్రాక్టర్లు, అంటే అద్దాలు బిగించేవాళ్లు కూడా కొందరు వచ్చారని చెప్పారు. చాలా సంతోషం. నేను చెప్పబోయేదాంట్లో సగం మీ చేతుల్లోనే ఉంది.

ముందు 1827 నాటి ఒక సంగతి చెప్తాను. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో బ్రెటన్ హాల్ అనే ఎస్టేటు ఉంది. ఆ ఏడాది అక్కడ మొక్కలు పెంచడానికి ఒక పెద్ద గాజు గోపురం కట్టారు. వ్యాసం సుమారు 100 అడుగులు, ఎత్తు సుమారు 60 అడుగులు. సన్నటి ఇనుప కమ్మీలు, వాటి మధ్య చిన్న చిన్న అద్దాలు. తోటల నిర్మాణంలో ఆ కాలపు నిపుణుడు జాన్ క్లాడియస్ లౌడన్ దాని గురించి రాసిపెట్టాడు. అద్దాలు బిగించకముందు కాస్త గాలి వీచినా ఆ ఇనుప చట్రం అడుగు నుంచి శిఖరం దాకా ఊగిపోయేదట. అద్దాలు బిగించాక కదలకుండా గట్టిపడింది. వెలుతురు కోసం పెట్టిన గాజే ఆ చట్రాన్ని పక్కకు వాలకుండా పట్టి ఉంచింది. ఆ పని చెయ్యమని దాన్నెవరూ అడగలేదు, లెక్కల్లో ఎవరూ రాయలేదు.

ఆ తర్వాత నూట యాభై ఏళ్లు దాదాపు అంతే. 1851లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో లక్షల అద్దాలు వాడారు కానీ బరువు మోసింది ఇనుము, కలప. గాజుకే బరువు అప్పజెప్పి, దాన్ని లెక్కగట్టి, బాధ్యత తీసుకోవడం మొన్నమొన్నటి విషయం. అప్పుడు అడగాల్సిన ప్రశ్నల్లో మొదటిది, గాజు ఎంత బరువుకు పగులుతుంది అన్నది కాదు. పగిలిన తర్వాత ఏమవుతుంది అన్నది. ఈ గంటలో మీరు ఇంకేం మర్చిపోయినా ఇది మాత్రం మర్చిపోవద్దు.

కొన్ని అంకెలు చూద్దాం. గాజు ఘనపు మీటరుకు 2,500 కిలోలు, అంటే దాదాపు కాంక్రీటు బరువే. చదరపు మీటరు అద్దానికి ఒక్కో మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు వేసుకోండి. 12 మిల్లీమీటర్ల అద్దమైతే 30 కిలోలు. ఇక గట్టిదనం, అంటే బరువు పడితే ఎంత తక్కువ సాగుతుందో చెప్పే కొలత, మనం ‘ఈ వాల్యూ’ అంటామే, అది 70 గిగాపాస్కల్స్. అల్యూమినియంతో సమానం, స్టీలులో మూడో వంతు. మీరు ఎం25 కాంక్రీటుకు తీసుకునే విలువకు దాదాపు మూడు రెట్లు. నొక్కితే కాంక్రీటు కంటే ఎన్నో రెట్లు తట్టుకుంటుంది. చిక్కల్లా లాగినప్పుడూ వంచినప్పుడూ వస్తుంది.

స్టీలు దూలం మీద బరువు మితిమీరితే ముందు సాగుతుంది, వంగి కనిపిస్తుంది, తన మీది భారాన్ని పక్కవాటికి పంచుతుంది. కాంక్రీటులో బీటలు కనిపిస్తాయి. ఇంట్లోవాళ్లు చూసి ఇంజినీరుకు ఫోన్ చేసే టైమ్ ఉంటుంది. గాజుకు సాగడం తెలియదు. ఆఖరి క్షణం దాకా ఏమీ జరగనట్టే ఉండి ఒక్కసారిగా పగులుతుంది.

ఎందుకలా? దీనికి జవాబు చెప్పినవాడు ఎ.ఎ. గ్రిఫిత్. ఇంగ్లండ్‌లో ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రంలో పనిచేసేవాడు. 1921లో అచ్చయిన ఆయన వ్యాసం పగుళ్ల శాస్త్రానికి పునాది. ఆయన ప్రయోగాలు చేసింది గాజు మీదే. గాజును దారాలుగా లాగి ఎంత బలానికి తెగుతాయో కొలిచాడు. మిల్లీమీటరు మందం దారం సుమారు 170 మెగాపాస్కల్స్ దగ్గర, అంటే చదరపు మిల్లీమీటరుకు 170 న్యూటన్ల లాగుడు దగ్గర తెగింది. మిల్లీమీటరులో మూడు వందల వంతు మందం ఉన్న దారం దాదాపు 3,400 దాకా ఆగింది. అదే గాజు, అదే రసాయనం, బలం మాత్రం ఇరవై రెట్లు. కారణం పైపొర మీద కంటికి కనిపించని సూక్ష్మమైన పగుళ్లు. దారం సన్నబడేకొద్దీ పెద్ద పగులుకు అందులో చోటుండదు. మామూలు అద్దంలో లాగే బలమంతా వెళ్లి ఏదో ఒక పగులు కొన దగ్గర పోగవుతుంది. అక్కడి నుంచి చీలిక పరుగెడుతుంది.

అద్దాల షాపులో పనివాడు కట్టర్‌తో గీత గీసి, రెండు చేతులతో విరవడం చూసే ఉంటారు. ఆయన చేస్తున్నది గ్రిఫిత్ సిద్ధాంతమే. మందంలో ఏ కాస్తో లోతున్న గీత చాలు, అద్దం అక్కడే విరుగుతుంది. సైట్‌లో అద్దం అంచును నేల మీద ఆనించి ఈడ్చినప్పుడు మనం కూడా తెలియకుండా ఆ పనే చేస్తున్నాం. కాంట్రాక్టర్లకు నా విన్నపం ఇదే. ఇటుక మూల విరిగితే సిమెంటు పెట్టి సరిచేస్తారు. గాజు దూలం అంచు కాస్త పెచ్చు లేచినా దాన్ని వాడకండి, వెనక్కి పంపండి. అంచులకు పాలిష్ పెట్టమని అడిగేది అందం కోసం కాదు, లాగే బలం ఎక్కువగా పడేది అక్కడే కాబట్టి.

ఇంకో విషయం. గాజుకు కాలంతో కూడా పేచీ ఉంది. గాలిలోని తేమ ఆ సూక్ష్మ పగుళ్ల కొనల్లోకి చేరి, బరువు మీదున్న గాజులో వాటిని మెల్లగా పెంచుతుంది. కాసేపు వీచే గాలిని తట్టుకునే మామూలు అద్దం, యాభై ఏళ్ల పాటు నిలకడగా మోయాల్సిన బరువు దగ్గరికి వచ్చేసరికి తన బలంలో మూడో వంతు కూడా లెక్కకు ఇవ్వదు. కిటికీ అద్దానికి ఇది పెద్ద బాధ కాదు. స్తంభానికి బాధే.

ఈ పగుళ్లను పూర్తిగా తీసేయలేం. అయితే నొక్కి ఉంచవచ్చు. టఫెన్డ్ గ్లాస్ అంటే అదే. అద్దాన్ని 620 డిగ్రీల సెల్సియస్ దాటేలా వేడిచేసి, రెండు వైపుల నుంచీ చల్లటి గాలి కొడతారు. పైపొర ముందు గట్టిపడుతుంది. లోపలి భాగం తర్వాత చల్లారుతూ కుంచించుకుపోవాలని చూసి పైపొరను లోపలికి గుంజుతుంది. అలా పైపొర ఎప్పుడూ నొక్కుడులో ఉంటుంది. వంచినప్పుడు ముందు ఆ నొక్కుడు తీరాలి, ఆ తర్వాతే పగులు తెరుచుకోవాలి. మామూలు ఫ్లోట్ గ్లాసుకు వంపులో 45 మెగాపాస్కల్స్ తీసుకుంటే, కాస్త నెమ్మదిగా చల్లార్చిన హీట్ స్ట్రెంగ్తెన్డ్ గ్లాసుకు 70, పూర్తి టఫెన్డ్‌కు 120 తీసుకుంటారు. ఒకసారి టఫెన్ చేశాక కొయ్యలేం, రంధ్రం వేయలేం. కొలతలన్నీ ముందే ఖాయం కావాలి.

మరి టఫెన్డే వాడేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఇక్కడే మొదటి ప్రశ్నకు రావాలి. పగిలాక ఏమవుతుంది? టఫెన్డ్ గ్లాస్ చిన్న చిన్న ముక్కలై జలజలా రాలిపోతుంది. మనిషికి పెద్ద గాయం కాదు కానీ పైనున్న కప్పును మోసేదెవరు? అందుకే లామినేటెడ్ గ్లాస్. రెండు మూడు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి వేడితో, ఒత్తిడితో అతికిస్తారు. ఒక అద్దం పగిలినా ముక్కలు ఆ పొరకు అంటుకుని ఉంటాయి, మిగతా అద్దాలు బరువు తీసుకుంటాయి. అయితే పొరలన్నీ టఫెన్డే అయ్యి, అన్నీ పగిలాయనుకోండి, మొత్తం తడి దుప్పటిలా వాలిపోతుంది. హీట్ స్ట్రెంగ్తెన్డ్ గ్లాస్ పెద్ద పెద్ద ముక్కలుగా పగులుతుంది. ఆ ముక్కలు ఒకదానికొకటి ఆనుకుని, ప్లాస్టిక్ పొరతో కలిసి ఇంకా కొంత మోస్తాయి. విడిగా చూస్తే బలం తక్కువున్న గాజు, పగిలాక ఎక్కువ పనికొస్తుంది. కేటలాగులో పెద్ద అంకె చూసి ఎంచుకునే అలవాటు గాజు దగ్గర పనికిరాదని చెప్పడానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ నాకు తెలియదు.

ఇప్పుడు మన ఎండల సంగతి. ఇది నేను కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే చల్లటి దేశాల్లో రాసిన పుస్తకాల్లో దీనికి చోటు తక్కువ. లామినేటెడ్ గ్లాసులో ఎక్కువగా వాడే ప్లాస్టిక్ పొర పీవీబీ. చల్లగా ఉన్నప్పుడు అది గట్టిగానే ఉండి రెండు అద్దాలనూ ఒక్కటిగా పనిచేయిస్తుంది. వేడెక్కితే మెత్తబడి అద్దాలు ఒకదాని మీద ఒకటి జారతాయి. లెక్క వేద్దాం. 10 మిల్లీమీటర్ల అద్దాలు రెండు. పూర్తిగా కలిసి పనిచేస్తే 20 మిల్లీమీటర్ల పలక. వంపుకు ఎదురు నిలిచే శక్తి మందం ఘనంతో పెరుగుతుంది, 20 ఘనం 8,000. విడివిడిగా పనిచేస్తే 10 ఘనం రెండుసార్లు, 2,000. నాలుగు రెట్ల తేడా! మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో గాలే 45 డిగ్రీలు ఉంటే, ఎండలో ఉన్న అద్దం ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. ఆ పూట పీవీబీ కలిపి పట్టుకుంటుందని లెక్కలో రాసుకోకండి. రెండు అద్దాలూ విడివిడిగానే మోస్తున్నాయని వేసుకోండి. లేదంటే అయానోప్లాస్ట్ రకం పొర వాడండి. తుపానుల తాకిడి ఉన్న అమెరికా తీరాల కిటికీల కోసం తెచ్చిన ఈ పొర పీవీబీ కంటే ఎన్నో రెట్లు గట్టిది, వేడిని ఎక్కువ తట్టుకుంటుంది, అద్దాలు పగిలాక కూడా నిలబడుతుంది. ఖరీదు ఎక్కువే. బరువు మోసే చోట ఆ డబ్బు పెట్టాల్సిందే.

ఎండ తర్వాత గాలి. హైదరాబాద్‌లో కార్ల షోరూమ్‌ల ముందు, ఆఫీసుల లాబీల్లో ఎత్తైన అద్దాల వెనక నిలువుగా గాజు పలకలు నిలబెట్టి ఉండటం మీరు చూసే ఉంటారు. వాటిని ఫిన్‌లు అంటాం. మన దగ్గర నిజంగా బరువు మోస్తున్న గాజు అంటే ముందుగా అవే. 1975లో ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్‌లో ఆర్కిటెక్ట్ నార్మన్ ఫోస్టర్ కట్టిన విల్లిస్ ఫేబర్ భవనం ఈ దారి చూపించింది. మూడంతస్తుల అద్దాల గోడ మొత్తం పై నుంచి వేలాడుతుంది, గాలికి ఊగకుండా లోపలి ఫిన్‌లు ఆపుతాయి.

గాలి భారాలకు మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం విశాఖకు సెకనుకు 50 మీటర్ల గాలివేగం ఇస్తుంది, హైదరాబాద్‌కు 44. ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. 0.6 పెట్టి 50 వర్గంతో హెచ్చిస్తే చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు, సుమారు 150 కిలోలు. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు అద్దం మీద 900 కిలోలు. మిగతా గుణకాలు ఇంకా వేయనేలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు విశాఖలో అద్దాలు ఎలా ఊడిపడ్డాయో ఆ ఊరివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఫిన్‌కు గాలి లోపలికి నెట్టినప్పటికంటే బయటికి పీల్చినప్పుడు ప్రమాదం ఎక్కువ. నెట్టినప్పుడు నొక్కుడు పడే అంచు ముందున్న అద్దానికి అతుక్కుని ఉంటుంది, పక్కకు కదలలేదు. పీల్చినప్పుడు లోపలి అంచు నొక్కుడులోకి వస్తుంది. దాన్ని పట్టుకునేవాళ్లు లేరు, పక్కకు మెలి తిరగాలని చూస్తుంది. డ్రాయింగుల్లో ఈ రెండో లెక్క ఉందో లేదో తప్పకుండా చూడండి.

పీల్చే గాలితో ప్రమాదం మనం మీద నడిచే అద్దాలకు కూడా ఉంది. 2021 మేలో చైనాలోని జిలిన్ రాష్ట్రంలో పియాన్ కొండ మీద గాజు వంతెన పలకలు కొన్ని, గంటకు 150 కిలోమీటర్ల గాలికి ఎగిరిపోయాయి. ఒక సందర్శకుడు మధ్యలో చిక్కుకుని ఎలాగో బయటపడ్డాడు. మనుషుల బరువు కిందికి ఉంటుంది, గాలి పైకి ఎత్తుతుంది. విశాఖ కైలాసగిరి మీద గాజు వంతెన వచ్చింది, కన్యాకుమారిలో వివేకానంద శిల నుంచి తిరువళ్లువర్ విగ్రహం దాకా 77 మీటర్ల వంతెన 2024 డిసెంబరులో తెరిచారు. వీటిలో వంతెనను మోసేది స్టీలు. గాజు నేల మాత్రమే. ఆ నేల మన పాదాలను మోస్తోంది కాబట్టి అది చిన్న పనేమీ కాదు. ఇలాంటి నేలలో పై పొరను పోయినా ఫర్వాలేదన్న లెక్కతో వేస్తారు. షికాగో విల్లిస్ టవర్ 103వ అంతస్తులో గాజు బాల్కనీ మీద 2014లో ఒక కుటుంబం కాళ్ల కింద పగుళ్లు పరుచుకున్నాయి. ప్రపంచమంతా వార్త అయింది. పగిలింది పైన రక్షణ కోసం వేసిన పొర, మోసే పొరలకు ఏమీ కాలేదు. డిజైన్ చేసినవాళ్లు అనుకున్నట్టే జరిగింది.

ఇక గాజే దూలం, గాజే స్తంభం అయిన కట్టడాలు. 1994లో ఇంగ్లండ్‌లోని కింగ్స్‌విన్‌ఫర్డ్‌లో గాజు మ్యూజియానికి ఒక పెవిలియన్ కట్టారు. దూలాలు, స్తంభాలు, కప్పు, గోడ అన్నీ గాజే. ఇంజినీరు టిమ్ మెక్‌ఫర్లేన్. ఆయనే 1996లో టోక్యోలో యురకుచో స్టేషన్ దగ్గర ఒకవైపు మాత్రమే ఆధారం ఉండి 10.6 మీటర్లు ముందుకు వచ్చే గాజు పందిరి వేశారు. భూకంపాలు, తుపానులు రెండూ ఉన్న ఊళ్లో! కాలిఫోర్నియాలో 2017లో తెరిచిన స్టీవ్ జాబ్స్ థియేటర్‌లో సుమారు 80 టన్నుల కార్బన్ ఫైబర్ కప్పును గుండ్రటి గాజు గోడే మోస్తుంది, ఒక్క స్తంభం లేదు. కరెంటు తీగలు, నీళ్ల పైపులు అద్దాల మధ్య సన్నటి సందుల్లో దాచారు.

నాకు వీటన్నిటికంటే ఇష్టమైనది ఆమ్‌స్టర్‌డామ్‌లో 2016లో పూర్తయిన క్రిస్టల్ హౌసెస్. పాత ఇటుక ఇంటి ముందు గోడను, పై భాగం తప్ప, గాజు ఇటుకలతో మళ్లీ కట్టారు. డిజైన్ ఎంవీఆర్‌డీవీ అనే ఆర్కిటెక్చర్ సంస్థది, పరిశోధన డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయానిది. ఇటుకలు వెనిస్ దగ్గర పోతపోశారు. పోత గాజును నెమ్మదిగా చల్లార్చకపోతే లోపలి ఒత్తిడికే పగులుతుంది, అందుకే పెద్ద ఇటుకకు ఒక రోజు దాటేది. అతికించిన జిగురు అతినీల లోహిత కాంతికి గట్టిపడే రకం. మిల్లీమీటరులో నాలుగో వంతు మందం. ఇటుక కొలతలో తేడా అంతకు మించితే జిగురు పొర చెడుతుంది. మన మేస్త్రీ అరంగుళం సిమెంటులో సర్దే తేడాను అక్కడ సర్దడానికి చోటే లేదు. మొదటి వరస మట్టం చూడటానికి లేజర్లతో పాటు పాలు కూడా వాడారు. పాలలోంచి వెలుగు దూరదు కాబట్టి దాని ఉపరితలం చక్కగా ప్రతిఫలిస్తుంది.

ఈ కట్టడాల్లో దేన్ని తీసుకున్నా కష్టమంతా అతుకుల దగ్గరే. స్టీలుకు బోల్టు రంధ్రం దగ్గర ఒత్తిడి మూడింతలైతే అక్కడ కాస్త సాగి సర్దుకుంటుంది. గాజు సర్దుకోదు. అందుకే ఉక్కు బోల్టు గాజును ఎప్పుడూ నేరుగా తాకకూడదు. మధ్యలో గొట్టం లాంటి అల్యూమినియం బుషో, నైలానో, పోసిన గ్రౌటో ఉండాలి. 1986లో ప్యారిస్ లా విల్లెట్ సైన్స్ మ్యూజియంలో ఇంజినీరు పీటర్ రైస్ బృందం అద్దాలను పై నుంచి వేలాడదీసి, బోల్టు తల అద్దం తలంలోనే తిరిగేలా కీలు పెట్టి, పైన స్ప్రింగులు పెట్టింది. ఒక అద్దం పగిలి బరువు ఒక్కసారిగా పక్కదాని మీద పడినప్పుడు ఆ కుదుపు స్ప్రింగ్ తీసుకోవాలని. పగిలాక ఏమవుతుందో ఆలోచించి గీసిన డ్రాయింగ్ అది.

విద్యార్థులకు లిమిట్ స్టేట్స్, అంటే కట్టడం దాటకూడని హద్దులు తెలుసు. కూలిపోకుండా ఒకటి, వాడకానికి ఇబ్బంది లేకుండా ఒకటి. 2021లో యూరప్ గాజు కట్టడాలకు తెచ్చిన సీఈఎన్ టీఎస్ 19100 అనే నియమావళి ఇంకో రెండు చేర్చింది. పగిలే క్షణంలో మనుషులకు ఏమవుతుంది, పగిలాక ఆ కట్టడం ఎంత మోస్తుంది. కాంక్రీటుకు, స్టీలుకు ఇలా రాయాల్సిన అవసరం రాలేదు. మన దగ్గర గాజుకు ఐఎస్ 2553 ప్రమాణం ఉంది, 2019 నాటి ఐఎస్ 16231 నాలుగు భాగాలు ఉన్నాయి, 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్ ఆరో భాగంలో గాజుకు ఒక సెక్షన్ ఉంది. కిటికీలు, ముఖభాగాల వరకూ ఇవి మంచి ఆధారం. కాంక్రీటుకు ఐఎస్ 456, స్టీలుకు ఐఎస్ 800 ఉన్నట్టు గాజు దూలానికీ స్తంభానికీ అంత వివరమైన నియమాలు మనకు రావాలి. మీలో ఎవరో ఆ పనికి పూనుకోవాలని నా కోరిక.

ప్రశ్నలు అడగండి.

(టఫెన్డ్ గ్లాస్ ఏ దెబ్బా తగలకుండా దానంతట అదే పగిలిందని అంటారు, నిజమేనా అని ఒక విద్యార్థిని అడిగారు.)

నిజమే అమ్మా. గాజులో నికెల్ సల్ఫైడ్ రేణువు చిక్కుకుని ఉంటే అలా జరుగుతుంది. వేడి చేసినప్పుడు దాని స్ఫటిక రూపం మారి కుంచించుకుంటుంది. గబుక్కున చల్లార్చడంతో అదే రూపంలో ఉండిపోయి, తర్వాత నెలలకో ఏళ్లకో పాత రూపానికి తిరిగి వస్తూ ఉబ్బుతుంది. పెరిగేది నాలుగు శాతం లోపే కానీ లాగుడులో ఉన్న లోపలి పొరకు అది చాలు. అందుకే హీట్ సోక్ పరీక్ష. అద్దాలను 260 నుంచి 290 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే పగలాల్సినవి దాదాపు అన్నీ ఫ్యాక్టరీలోనే పగిలిపోతాయి. బరువు మోసే ప్రతి టఫెన్డ్ అద్దానికీ ఆ సర్టిఫికెట్ అడగండి.

(అగ్నిప్రమాదం వస్తే గాజు స్తంభం గతి ఏమిటని మరొకరు అడిగారు.)

నిలవదు బాబూ. మామూలు అద్దంలో ఒక చోటికీ ఇంకో చోటికీ 40 డిగ్రీల తేడా వస్తేనే పగలవచ్చు. టఫెన్డ్ 200 దాకా ఆగుతుంది, మంటల్లో అది ఏ మూలకూ చాలదు. మధ్యలోని ప్లాస్టిక్ అంతకంటే ముందే కరుగుతుంది. అందుకే బహుళ అంతస్తుల భవనాన్ని గాజు స్తంభాల మీద నిలబెట్టమని నేనెవరికీ చెప్పను. ఒక అంతస్తు పెవిలియన్, పందిరి, మెట్లు, నేల, ముఖభాగం, ఇవి చేయవచ్చు. మనుషులు నిమిషాల్లో బయటపడగలిగే చోట్లు.

(గాజు దూలం పగిలితే వెంటనే ఏం చేయాలని ఒక కాంట్రాక్టర్ అడిగారు.)

కింద ఎవరూ నడవకుండా అడ్డు కట్టండి, స్టీలు ప్రాప్‌లు, అంటే తాత్కాలిక ఊతాలు పెట్టి బరువు తీయండి. ఆ ప్రాప్ ఎక్కడ ఆనాలో, క్రేన్ ఎటు నుంచి రావాలో, పగిలినదాన్ని ఏ సందులోంచి తీయాలో డిజైన్ రోజే తేలాలి. సైట్‌లో కొయ్యడం కుదరదు కాబట్టి కొత్తది ఫ్యాక్టరీ నుంచి రావడానికి వారాలు పడుతుంది. ప్రతి కొలతలో ఒకటి అదనంగా చేయించండి. దాన్ని ఎక్కడ, ఎలా నిలబెట్టి దాచాలో కూడా డ్రాయింగ్‌లో రాయించుకోండి.